ఈసా నబీ మళ్ళీ వచ్చాక ఆయనకి ఖురాన్ ఎవరు నేర్పుతారు? (మా అమ్మాయి ప్రశ్న, నా దగ్గర జవాబు లేదు)

పంజాసెంటర్_అబ్బా
రాత్రి 9:40

అస్సలాము అలైకుమ్, అందరికీ నమస్తే. మాది విజయవాడ వన్‌టౌన్. చిన్న షాపు నడుపుకుంటాను, పెద్ద చదువులు లేవు. మా అమ్మాయి నాలుగో తరగతి, సాయంత్రం మక్తబ్‌కి (ఖురాన్ నేర్పే బడికి) వెళ్తుంది. ఇవాళ ఉస్తాద్ గారు ఖియామత్ (ప్రళయ దినం) గుర్తుల గురించి చెప్పారట. ఇంటికొచ్చి అన్నం తింటూ అడిగింది: "అబ్బా, ఈసా అలైహిస్సలామ్ పైకి వెళ్ళేటప్పటికి ఖురాన్ ఇంకా రాలేదు కదా? మరి కిందికి దిగాక మన నమాజ్ ఆయనకి ఎలా వస్తుంది? మన మక్తబ్‌లో చేరతారా?"

వాళ్ళమ్మ పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆలోచిస్తే పిల్ల అడిగిందాంట్లో తప్పేముంది? ఆయన వెళ్ళిన ఆరు వందల ఏళ్ళకి దిగిన గ్రంథం అది. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. "అల్లాహ్‌కి తెలుసులే, పడుకో" అని ఇవాళ్టికి తప్పించుకున్నాను, రేపు కుదరదు.

కృష్ణలంక_క్వశ్చన్
రాత్రి 9:58

ఒక్క నిమిషం. ముస్లింలు కూడా యేసు తిరిగి వస్తాడని నమ్ముతారా? ముప్పై ఏళ్ళుగా ముస్లింల పక్కనే ఉంటున్నా, ఈ మాట ఇప్పుడే వింటున్నాను.

సంగడిగుంట_నూర్
రాత్రి 10:11

నమ్ముతాం అన్నా. మేం నూర్‌బాషాలం, మా ఇంట్లో తెలుగే మాట్లాడతాం కాబట్టి ఈ కథలన్నీ మా నాయనమ్మ తెలుగులోనే చెప్పేది. ఈసా అంటే యేసే. ఖురాన్‌లో ఆయన పేరు 25 చోట్ల వస్తుంది. ఆయన్ని చంపలేదు, సిలువ వేయలేదు, అల్లాహ్ తన వైపు ఎత్తుకున్నాడు అని నాలుగో సూరా (అధ్యాయం) 157, 158 ఆయతుల్లో (వాక్యాల్లో) ఉంది. తిరిగి రావడం గురించి మాత్రం వివరంగా చెప్పేది హదీసులు, అంటే మన నబీ మాటలు, పనుల గురించిన కథనాలు. బుఖారీ, ముస్లిం అనే హదీసు సంకలనాలు రెండింట్లోనూ ఉంది: మర్యమ్ కొడుకు మీ మధ్య న్యాయమైన తీర్పరిగా దిగుతాడు, సిలువను విరుస్తాడు, పందిని చంపుతాడు, జిజియా (ముస్లిమేతరుల మీద పన్ను) తీసేస్తాడు, డబ్బు ఎంత పొంగుతుందంటే పుచ్చుకునేవాడే ఉండడు.

మా నాయనమ్మ ఈ చివరి మాట దగ్గర ఆగి, "ఆ రోజుల్లో చీటీ పాటలు ఉండవురా" అనేది.

ఎక్కడ దిగుతాడో కూడా ఉంది. డమాస్కస్‌కి తూర్పున తెల్ల మినారు దగ్గర, కుంకుమపువ్వు రంగు అద్దిన రెండు బట్టలు కట్టుకుని, రెండు చేతులు ఇద్దరు దైవదూతల రెక్కల మీద ఆనించి. దజ్జాల్‌ని (చివరి రోజుల్లో వచ్చే మహా మోసగాణ్ణి) లుద్ద్ ద్వారం దగ్గర చంపుతాడు. ఆ లుద్ద్ ఇప్పటి ఇజ్రాయెల్‌లో ఉన్న లోద్ పట్టణమే. ఇంత వివరంగా అన్నీ చెప్పింది గానీ, పాప అడిగింది మాత్రం మా నాయనమ్మ చెప్పలేదు. నాకూ తట్టలేదు.

గుంటూరు_లూథరన్
రాత్రి 10:26

1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు వచ్చిన దగ్గర్నుంచి మా వాళ్ళు రెండో రాకడ గురించి ప్రసంగాలు వింటూనే ఉన్నారు. అందుకే ఈ ప్రశ్న నాకు కొత్తగా ఉంది. మా నమ్మకంలో ప్రభువు వచ్చేది విద్యార్థిగా కాదు, ఆయనే ధర్మశాస్త్రం నెరవేర్చినవాడు. కాబట్టి "ఎవరు నేర్పుతారు" అనే మాటే పుట్టదు. అయితే మా దగ్గర కూడా ఆయన జ్ఞానం గురించి ఒక ముడి ఉంది. మార్కు సువార్త 13:32లో, ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలియదు, కుమారుడికి కూడా తెలియదు అని ఆయనే అంటాడు. దేవుడికి తెలియనిది ఉంటుందా అని దీని మీద మా వాళ్ళు వందల ఏళ్ళు తల పట్టుకున్నారు. ముస్లింల దగ్గర ఇది ఎలా ఉంటుందో తెలుసుకోవాలని ఉంది. గొడవకి కాదు, నిజంగానే.

లాలాపేట_తాలిబ్
రాత్రి 11:05

అబ్బా భాయ్, ముందు మీ అమ్మాయికి నా తరఫున ఒక చాక్లెట్ కొనిపెట్టండి. ఆ పిల్ల అడిగింది చిన్నపిల్లల ప్రశ్న కాదు. 15వ శతాబ్దంలో కైరోలో జలాలుద్దీన్ సుయూతీ అనే పండితుడికి అచ్చంగా ఇదే వచ్చింది. ఈసా దిగాక దేని ప్రకారం తీర్పు చెబుతారు? మన నబీ ముహమ్మద్ గారి షరీఅత్ (ధర్మశాస్త్రం) ప్రకారమే అయితే అది ఆయనకి ఏ దారిలో తెలుస్తుంది? నాలుగు మజ్‌హబుల్లో (షరీఅత్‌ని వివరించే సంప్రదాయాల్లో) ఒకటి పట్టుకుంటారా, సొంతంగా తేల్చుకుంటారా? సుయూతీ (1445–1505) దీనికోసం ఒక చిన్న పుస్తకమే రాశారు. నేను ఆలిమ్ (మత పండితుడి) కోర్సు మధ్యలో ఆపేసినవాణ్ణి, నాకు గుర్తున్నంత చెబుతాను.

మొదట, దేని ప్రకారం అన్నదానికి. ఇక్కడ పెద్దగా పేచీ లేదు. సహీ ముస్లింలో ఒక చక్కటి సంభాషణ ఉంది. "మర్యమ్ కొడుకు మీలో దిగి, మీలోంచే మీకు ఇమామ్ (నాయకుడు) అయినప్పుడు మీరెలా ఉంటారో" అనే హదీసు వినిపించి, మదీనాకి చెందిన ఇబ్న్ అబీ జిఅబ్ తన శిష్యుణ్ణి అడుగుతారు: "మీలోంచే అంటే ఏమిటో తెలుసా?" మీరే చెప్పండి అంటాడు శిష్యుడు. "మీ ప్రభువు గ్రంథంతో, మీ ప్రవక్త సున్నత్‌తో (ఆచరణతో) మీకు ఇమామత్ చేస్తాడని" అంటారాయన. అంటే ఇంజీల్ (ఈసాకి ఇచ్చిన గ్రంథం) చట్టంతో కాదు, కొత్త చట్టంతోనూ కాదు.

ఇక ఎలా తెలుస్తుంది అన్నదే అసలు మజా. సుయూతీ ఒక్క దారి చెప్పి ఊరుకోలేదు.

ఒక దారి: ప్రతి ప్రవక్తకీ తన ముందువాళ్ళ షరీఅత్, తన తర్వాతవాళ్ళ షరీఅత్ కూడా దైవదూత జిబ్రీల్ ద్వారా వహీలో (అల్లాహ్ పంపే సందేశంలో) తెలిసే ఉంటుంది. అంటే ఈసాకి ఇది పైకి వెళ్ళకముందే తెలుసు. మూడో సూరా 81వ ఆయతులో ప్రవక్తలందరి దగ్గరా తీసుకున్న ప్రమాణం ఒకటి ఉంది కదా: మీ దగ్గరున్నదాన్ని ధ్రువీకరించే రసూల్ వస్తే నమ్మాలి, సాయం చేయాలి అని. ఎవరో ఏమిటో తెలియకుండా ప్రమాణం ఎలా చేస్తారు? (ఈ చివరి వాక్యం నాది, సుయూతీది కాదు.)

ఇంకో దారి: ఆయన ఖురాన్ చూస్తే చాలు. మనకి ఖురాన్ విప్పుకోవడానికి హదీసులు, తఫ్సీర్లు (ఖురాన్ వ్యాఖ్యానాలు), ఉస్తాద్‌లు కావాలి. ప్రవక్త స్థాయి మనిషికి ఆ మెట్లు అక్కర్లేదు, మన నబీ ఎలా అర్థం చేసుకున్నారో ఈయన కూడా అలాగే అర్థం చేసుకోగలరు.

మూడోది నాకు అన్నిటికంటే ఇష్టం. ఈసా మన నబీని కలిశారు! మేరాజ్ రాత్రి, అంటే మన నబీ ఆకాశాలకి వెళ్ళొచ్చిన రాత్రి. అందుకే డమాస్కస్‌కి చెందిన జహబీ (మరణం 1348) ఈసాని సహాబీల (నబీ సహచరుల) జాబితాలో వేసి, సహాబీల్లో అందరికంటే చివర చనిపోయేది ఆయనే అన్నారు. సహాబీ అన్నాక నబీ దగ్గర నేరుగా నేర్చుకున్నాడంటే ఆశ్చర్యం ఏముంది?

కాబట్టి భాయ్, మక్తబ్‌లో చేరరు. ఫీజు టెన్షన్ లేదు.

పంజాసెంటర్_అబ్బా
రాత్రి 11:20

జజాకల్లాహ్ భాయ్. మూడోది పిల్లకి బాగా ఎక్కుతుంది. మొదటిది నాకే పూర్తిగా ఎక్కలేదు, రేపు పొద్దున మళ్ళీ చదువుతాను.

కృష్ణలంక_క్వశ్చన్
రాత్రి 11:34

నాకు ఒక లొసుగు కనిపిస్తోంది. తప్పయితే చెప్పండి. మీరు ముహమ్మద్ గారే చివరి ప్రవక్త అంటారు. ఆయన తర్వాత ఇంకో ప్రవక్త వస్తే చివరివాడు ఎవరవుతారు? పోనీ ఈసా ప్రవక్తగా రాడు, మామూలు మనిషిగా వస్తాడు అంటే, అప్పుడు ఆయన పదవి ఊడబీకినట్టు కాదా?

లాలాపేట_తాలిబ్
ఉదయం 6:50

ఫజ్ర్ (తెల్లవారుజాము నమాజ్) అయ్యాక రాస్తున్నా. మంచి పాయింట్. పాత పండితులు ఎక్కువ సిరా ఖర్చు పెట్టింది ఇక్కడే.

33వ సూరా 40వ ఆయతులో "ఖాతమున్నబియ్యీన్" అని ఉంది, ప్రవక్తలకి ముద్ర. దానికి వాళ్ళు చెప్పే అర్థం, ఆయన తర్వాత కొత్తగా ఎవరికీ ప్రవక్త పదవి ఇవ్వరని. ఈసాకి అది ముందే ఇచ్చేశారు. పదవి తీసేయరు, అలా అనడం తప్పు అని గట్టిగానే రాశారు. ఆయన నబీగానే దిగుతారు, కానీ తన షరీఅత్ తెచ్చుకుని కాదు. మన వైపు మాటల్లో చెప్పాలంటే, రిటైరైన పెద్ద జడ్జి పక్క రాష్ట్రం వెళ్ళి అక్కడి చట్టం ప్రకారం తీర్పు చెప్పినట్టు. ఆయన జడ్జితనం ఎక్కడికీ పోదు, చట్టం మాత్రం ఆ రాష్ట్రానిదే. పోలిక పూర్తిగా అతకదని నాకూ తెలుసు, ఇంతకంటే మంచిది తట్టలేదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. జిజియా తీసేస్తాడని హదీసులో ఉంది కదా, మరి అది షరీఅత్‌ని మార్చినట్టు కాదా? దీనికి హదీసు పండితుడు నవవీ (మరణం 1277) జవాబు సింపుల్‌గా ఉంటుంది. ఆ నియమానికి ఈసా వచ్చేదాకానే గడువు అని మన నబీయే ముందుగా చెప్పారు. కాబట్టి రద్దు చేసింది ఈసా కాదు, గడువు పెట్టిన నబీయే. ఈసా అమలు చేస్తారంతే.

కృష్ణలంక_క్వశ్చన్
ఉదయం 7:15

సరే. కానీ దిగాక ఆయనకి వహీ వస్తుందా రాదా? వస్తే మళ్ళీ మొదటికే వస్తాం.

లాలాపేట_తాలిబ్
ఉదయం 7:48

వస్తుంది. నవ్వాస్ ఇబ్న్ సమ్ఆన్ చెప్పిన పొడుగాటి హదీసులో, అదే తెల్ల మినారు హదీసులో, స్పష్టంగా ఉంది. దజ్జాల్ చచ్చాక అల్లాహ్ ఈసాకి వహీ పంపుతాడు: ఎవరూ ఎదిరించలేని నా దాసుల్ని బయటికి వదిలాను, నా వాళ్ళని తూర్ కొండ దగ్గరికి తీసుకెళ్ళు అని. ఆ వచ్చేవాళ్ళు యాజూజ్ మాజూజ్ అనే విధ్వంసక జాతులు. చూశారా, ఆ వహీలో ఉన్నది చట్టం కాదు. ఫలానా ప్రమాదం వస్తోంది, జనాన్ని ఎత్తుకి చేర్చు అన్న కబురు. మనకి కృష్ణకి వరద వస్తే ప్రకాశం బ్యారేజీ నుంచి హెచ్చరిక వచ్చినట్టు అనుకోండి.

నబీ తర్వాత జిబ్రీల్ భూమ్మీదికి రాడు అని జనంలో ఒక మాట ఉంది. సుయూతీ దానికి ఆధారమే లేదని కొట్టిపారేశారు. లైలతుల్ ఖద్ర్ (ఖురాన్ దిగిన) రాత్రి దైవదూతలు, రూహ్ (అంటే జిబ్రీల్) దిగుతారని 97వ సూరాలోనే ఉంటే, రాడని ఎలా అంటాం?

వహీ వేరు, కొత్త షరీఅత్ వేరు. ఈ రెండూ కలిపేస్తేనే మీకు కనిపించిన లొసుగు కనిపిస్తుంది.

బ్రాడీపేట_మాస్టారు
ఉదయం 8:30

బాబులూ, నేను రిటైరైన తెలుగు మాస్టారిని. మీ గ్రంథాలు నాకు తెలియవు గానీ చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. మా దగ్గర కల్కి రావాలి కదా. శంబల గ్రామంలో విష్ణుయశుడి కొడుకుగా పుడతాడు. సాక్షాత్తూ విష్ణువే అయినా ఆయనకీ గురువు కావలసి వచ్చాడు! కల్కి పురాణంలో పరశురాముడు ఆ పిల్లవాణ్ణి మహేంద్ర పర్వతానికి తీసుకుపోయి వేదాలు, విలువిద్య నేర్పుతాడు. చిరంజీవిగా అన్ని యుగాలుగా కాచుకుని కూర్చున్నది బహుశా ఇందుకేనేమో. ఆ మహేంద్రగిరి కూడా ఎక్కడో కాదు, మన శ్రీకాకుళం పైన, ఒడిశా సరిహద్దులో.

మా కథలో వచ్చేవాడు కొత్తగా పుడతాడు కాబట్టి బడికి వెళ్ళాలి. మీ కథలో పెద్దవాడుగా దిగుతాడు కాబట్టి అక్కర్లేదు. తేడా అక్కడుందని నాకనిపించింది.

సంగడిగుంట_నూర్
ఉదయం 9:02

మాస్టారూ, పెద్దవాడుగా అన్నారు చూడండి, భలే చోట వేలు పెట్టారు. మూడో సూరా 46లో ఈసా ఉయ్యాలలోనూ, "కహ్ల్" వయసులోనూ జనంతో మాట్లాడతాడు అని ఉంది. కహ్ల్ అంటే నడివయసు. ఉయ్యాలలో మాట్లాడటం అద్భుతం, నడివయసులో అందరూ మాట్లాడతారు, అందులో వింతేముంది? అందుకే కొందరు వ్యాఖ్యాతలు ఇది తిరిగొచ్చాక మాట్లాడటం గురించే అన్నారు.

ఆ పక్కనే 48వ ఆయతు: అల్లాహ్ అతనికి "కితాబ్ (గ్రంథం), హిక్మత్ (వివేకం), తౌరాత్ (మూసా గ్రంథం), ఇంజీల్" నేర్పుతాడు. తౌరాత్, ఇంజీల్ విడిగా చెప్పాక ఆ మొదటి "కితాబ్" ఏమిటి? రాయడం అని ఖురాన్ వ్యాఖ్యాత ఇబ్న్ కసీర్ అంటారు. ఏదైనా గానీ, పాప ప్రశ్నకి నాకు ఈ ఆయతులోనే జవాబు దొరికింది. "నేర్పుతాడు" అనే క్రియకి కర్త అల్లాహ్. ఉస్తాద్ ఎవరంటే ఆయనే.

వించిపేట_హనఫీ
ఉదయం 10:20

మా తాతగారు అనేవారు, ఈసా వచ్చాక ఇమామ్ అబూ హనీఫా మజ్‌హబ్ ప్రకారమే తీర్పులు చెబుతారని. నిజమేనా? మన వైపు ఎక్కువమందిమి హనఫీలమే కదా, గర్వంగా ఉంటుంది 😄

లాలాపేట_తాలిబ్
ఉదయం 10:55

మీ తాతగారు ఊరికే అనలేదు. డమాస్కస్‌లో హస్కఫీ (మరణం 1677) తన ఫిఖ్ (ధర్మశాస్త్ర) పుస్తకంలో అలాగే రాశారు. కానీ ఆ పుస్తకానికి వ్యాఖ్య రాసిన ఇబ్న్ ఆబిదీన్ (మరణం 1836), ఆయనా డమాస్కస్ హనఫీయే, దాన్ని నెమ్మదిగా సర్దారు. ప్రవక్త ఒక ముజ్తహిద్‌ని (సొంతంగా తీర్పు తేల్చే పండితుణ్ణి) అనుసరించడమేమిటి? మహా అయితే ఆయన తేల్చింది ఇమామ్ సాబ్ తేల్చినదానితో కలవచ్చు అని. సొంత ఇంటివాడే సొంత ఇంటి గొప్పని తగ్గించి రాశాడంటే నాకు చాలా గౌరవం.

వించిపేట_హనఫీ
ఉదయం 11:01

అర్థమైంది భాయ్. తాతగారికి చెప్పను.

గన్నవరం_రీడర్
మధ్యాహ్నం 1:15

ఈసా చనిపోయారనీ, రావలసిన మసీహ్ (ఇది ఈసా బిరుదు) ఇదివరకే వచ్చేశారనీ చెప్పేవాళ్ళు కూడా ఉన్నారుగా? వాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరేం?

లాలాపేట_తాలిబ్
మధ్యాహ్నం 2:05

ఉన్నారు. మీరంటున్నది అహ్మదీయుల గురించి. పంజాబ్‌లో ఖాదియాన్‌కి చెందిన మీర్జా గులామ్ అహ్మద్ (1835–1908) 1891లో తానే వాగ్దానం చేసిన మసీహ్‌నని ప్రకటించుకున్నారు. ఈసా మామూలుగానే చనిపోయారనీ, సమాధి శ్రీనగర్ ఖాన్యార్‌లో ఉందనీ వాళ్ళ నమ్మకం. మిగతా ముస్లింలలో దాదాపు అందరూ దీన్ని ఒప్పుకోరు. గొడవ సమాధి గురించి మాత్రమే కాదు, పొద్దున మాట్లాడుకున్న ఖాతమున్నబియ్యీన్ దగ్గరే.

అది వేరు, ఇంకోటి వేరు. ఈజిప్టులో మహ్మూద్ షల్తూత్, తర్వాత కైరోలోని అల్ అజ్‌హర్ విద్యాపీఠానికి పెద్ద అయినాయన, 1942లో ఒక ఫత్వాలో, ఈసా శరీరంతో పైకెళ్ళి మళ్ళీ దిగుతాడనడానికి ఖురాన్‌లో ఖాయమైన ఆధారం లేదు అన్నారు. పెద్ద దుమారమే లేచింది. ఎక్కువమంది ఆలిమ్‌లు ఆయనతో ఏకీభవించలేదు. నేనూ ఏకీభవించను. అయినా ఆ వాదన ఉందని తెలిసుండటం మంచిది.

మోడరేటర్
మధ్యాహ్నం 2:30

దీని కింద వచ్చిన ఏడు కామెంట్లు తీసేశాను. ఎవరు ముస్లిం, ఎవరు కాదు అనేది ఈ దారంలో తేల్చాల్సిన పని లేదు. ఈసా జ్ఞానం గురించి మాత్రమే రాయండి. బిర్యానీ సెంటర్ అడిగినాయన ఇంకో దారం తెరవండి.

గుంటూరు_లూథరన్
సాయంత్రం 5:40

నా ప్రశ్న మధ్యలో మునిగిపోయింది. ఆ గడియ ఎప్పుడో ఈసాకి తెలుసని అంటారా, తెలియదనా?

లాలాపేట_తాలిబ్
సాయంత్రం 6:55

సారీ బ్రదర్, మర్చిపోయాను. మగ్రిబ్ కాగానే కూర్చున్నా.

43వ సూరా 61లో ఈసా గురించి "అతడు ఆ గడియకి ఇల్మ్" అని ఉంది. ఇల్మ్ అంటే జ్ఞానం. ఇంకో పఠనంలో "అలమ్", అంటే గుర్తు. ఎలా చదివినా ఆయన రాకే గడియ దగ్గరపడిందని తెలిపేది, గడియ తేదీ ఆయనకి తెలుసని కాదు.

మీకు నచ్చే హదీసు ఒకటి ఇబ్న్ మాజా సంకలనంలో ఉంది. మేరాజ్ రాత్రి మన నబీ, ఇబ్రాహీమ్, మూసా, ఈసాలని కలిసినప్పుడు ఖియామత్ మాట వచ్చింది. ముందు ఇబ్రాహీమ్‌ని అడిగారు, నాకు తెలియదన్నారు. మూసాని అడిగారు, తెలియదన్నారు. ఈసా దగ్గరికి వచ్చింది. అది ఎప్పుడు పడుతుందో అల్లాహ్‌కి తప్ప ఎవరికీ తెలియదు, కానీ నా ప్రభువు నాకు మాట ఇచ్చింది మాత్రం చెబుతాను అని దజ్జాల్ రావడం, తాను దిగి అతన్ని చంపడం చెప్పారు.

మీ మార్కు 13:32 నాకు తెలియదు, ఇప్పుడే మీ పోస్టులో చదివాను. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒళ్ళు జలదరించింది. మీకది ముడి, ఎందుకంటే మీకాయన కుమారుడు. మాకది ముడి కాదు, దాసుడికి యజమాని చెప్పినంతే తెలుస్తుంది. మాట మాత్రం చాలా దగ్గరగా ఉంది.

గుంటూరు_లూథరన్
రాత్రి 7:20

మా పాస్టర్ గారికి ఈ హదీసు చూపిస్తాను. ఏమంటారో చూడాలి. థాంక్యూ బ్రదర్.

కృష్ణలంక_క్వశ్చన్
రాత్రి 7:45

నేను దేవుణ్ణి నమ్మను, అది వేరే విషయం. కానీ సుయూతీకి ఆ ప్రశ్న పంపినవాడెవరో గానీ, మన పాపలాంటివాడే అయుంటాడు.

పంజాసెంటర్_అబ్బా
రాత్రి 10:10

అందరికీ షుక్రియా. షాపు కట్టేసి వచ్చి కూర్చోబెట్టి చెప్పాను. మేరాజ్ రాత్రి కలిశారన్నది వెంటనే పట్టేసింది, "అయితే అప్పుడే నేర్చేసుకున్నారన్నమాట" అంది. మక్తబ్‌లో చేరరంటే కాస్త నిరాశపడింది. తన పక్కన కూర్చోబెట్టుకుందామనుకుందట.

తర్వాత నాకు తెలిసిన ఒక హదీసు చెప్పాను. ఈసా దిగాక అక్కడి ముస్లింల అమీర్ "రండి, మాకు నమాజ్ చేయించండి" అంటే ఆయన "లేదు, మీలో మీరే ఒకరికొకరు నాయకులు, అల్లాహ్ ఈ ఉమ్మత్‌కి (ముస్లిం సమాజానికి) ఇచ్చిన గౌరవం ఇది" అంటారని. వినేసి కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "అంటే ఈసా నబీ సఫ్‌లో అందరితో పాటు నిలబడతారా? మరి ఆయన పక్కన నిలబడేది ఎవరు?"

ముందొచ్చినవాళ్ళు ముందు వరసలో నిలబడతారమ్మా అన్నాను. ఇప్పుడు కూర్చుని, ఈ నెలలో నేను ఫజ్ర్‌కి మస్జిద్‌కి వెళ్ళిన రోజులు వేళ్ళ మీద లెక్కపెడుతోంది.